బార్టోక్ కర్రాట, మార్లవాయి గుస్సాడి

హంగేరీ వాళ్లకూ మనకూ ఒక పోలిక ఉంది. వాళ్లూ మనలాగే ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత చెబుతారు. లోకమంతా బేలా బార్టోక్ అని పిలిచే సంగీతకారుడు సొంత దేశంలో బార్టోక్ బేలానే. మన హన్మాజీపేట కవి సింగిరెడ్డి నారాయణరెడ్డి అయినట్టే అన్నమాట. బార్టోక్ 1881లో పుట్టాడు, 1945లో న్యూయార్క్‌లో కన్నుమూశాడు. ఆయన చేసిన ఒక చిన్న రచనను ఓ దసరా సెలవుల్లో కరీంనగర్‌లో ఫోన్‌లో విన్నాను. బయట సద్దుల బతుకమ్మ చప్పట్లు వినిపిస్తున్నాయి. రెండు చప్పుళ్లూ ఒకదాన్నొకటి అడ్డుకోలేదు. అప్పటినుంచి ఏరుకుంటూ వచ్చిన సంగతులే ఇవి.

*

ఆ రచన పేరు ‘రుమేనియా జానపద నృత్యాలు’. 1915లో పియానో కోసం రాశాడు. అందులో ఆరు ఆటలున్నాయి, అన్నీ కలిపినా ఐదారు నిమిషాలు దాటవు. బతుకమ్మ చుట్టూ ఒక్క పొడుగు పాట పాడేలోగా ఆరూ అయిపోతాయి.

అంత చిన్నదైనా ఏ ఆట స్వభావం దానిదే. మొదటిది కర్రాట. దాన్ని బార్టోక్ ఒక పల్లెలో ఇద్దరు జిప్సీ ఫిడేలు వాద్యగాళ్ల దగ్గర విన్నాడు. అడుగు బరువుగా, తల ఎత్తుకుని నడిచే పడుచువాడిలా ఉంటుంది ఆ బాణీ. రెండోది నడికట్టు ఆట, తేలిగ్గా తుళ్లుతూ పోతుంది. మూడోదాని పేరుకు ‘ఉన్నచోటే’ అని అర్థం. ఆడేవాళ్లు అక్కడినుంచి కదలరు. పాట కూడా నాలుగైదు స్వరాల మధ్యే తిరుగుతుంది. పియానో మీద వాయిస్తున్నా గొర్రెల కాపరి పిల్లనగ్రోవి విన్నట్టే ఉంటుంది. నాలుగోది బుచూమ్ అనే ఊరి ఆట. మూడు మాత్రల నడకలో కాస్త దిగులుగా సాగుతుంది. ఐదోది పోల్కా, ఇందులో రెండు మాత్రల కొట్టు, మూడు మాత్రల కొట్టు మారిమారి వస్తాయి. చివరిది చిన్న చిన్న అడుగుల వేగపు ఆట. రెండు బాణీలు ఒకదాని వెనక ఒకటి తరుముకుంటూ వచ్చి ఒక్కసారిగా ఆగుతాయి.

నాకు మూడోదే ఎక్కువ ఇష్టం. కాలు కదపకుండా ఆడటం ఎంత కష్టమో, కదలిక లేని పాటను విసుగు రాకుండా నిలబెట్టడమూ అంతే కష్టం. బార్టోక్ పాటను ముట్టుకోలేదు. దాని కింద ఎడమచేతి స్వరాలను మాత్రం కొంచెం కొంచెంగా మార్చుతూ పోయాడు.

*

ఈ ఆరింటినీ బెలేన్యెష్ అనే ఊళ్లోని ఇయోన్ బుషిత్స్యా అనే బడిపంతులుకు అంకితమిచ్చాడు. పల్లెల్లో పాటలు సేకరించడానికి వెళ్లినప్పుడు బార్టోక్‌కు దారి చూపినవాడు, ఇంట్లో చోటిచ్చినవాడు ఆ పంతులే. రాజులకూ జమీందారులకూ కృతులు అంకితమిచ్చే కాలం ఇంకా పూర్తిగా పోలేదు. అలాంటప్పుడు ఒక బడిపంతులు పేరు అచ్చులో పైన నిలబెట్టడం నాకు చాలా నచ్చిన సంగతి.

*

బార్టోక్‌కు ఇంకో అలవాటు ఉంది. ఏ రచన ఎంతసేపు వాయించాలో సెకన్లతో సహా రాసిపెట్టేవాడు. అర నిమిషం పాటకు కూడా సెకన్ల లెక్క ఉండాల్సిందే.

*

ఆయన జానపదం వైపు తిరగడానికి కారణం ఒక పనిపిల్ల. 1904 ఎండాకాలంలో ఉత్తర హంగేరీలోని ఒక పల్లెకు వెళ్లి ఉన్నాడు. పక్క గదిలో లిది దోషా అనే ట్రాన్సిల్వేనియా పిల్ల, చంటిబిడ్డను చూసుకోవడానికి వచ్చిన ఆయా, ఏదో కూనిరాగం తీస్తోంది. ఎర్ర ఆపిల్ పండు మీద ఒక పాట. బార్టోక్ వెంటనే కాగితం తీసి రాసుకున్నాడు. పట్నంలో ‘హంగేరీ సంగీతం’ పేరుతో వినిపించే హోటల్ బాణీలకూ ఈ పాటకూ పొంతనే లేదని ఆయనకు అప్పుడే తట్టింది. మరుసటేడు సంగీతకారుడు కోడాయ్ జోల్టాన్‌తో స్నేహమైంది. 1906 నుంచి ఇద్దరూ ఫోనోగ్రాఫ్ మోసుకుంటూ పల్లెబాట పట్టారు.

ఫోనోగ్రాఫ్ అంటే చిన్న పనిముట్టు కాదు. పెద్ద గొట్టం, మైనపు స్తూపాలు, ఎడ్లబండ్ల దారులు. ఒక్కో స్తూపం మీద రెండు మూడు నిమిషాల పాటే పడుతుంది. గొట్టంలోకి మూతి పెట్టి పాడమంటే ముసలమ్మలు సిగ్గుపడేవాళ్లు. అలా తిరిగి తిరిగి బార్టోక్ సేకరించిన రుమేనియా బాణీలే మూడువేలు దాటాయి. హంగేరీ పాటలు, స్లొవాకు పాటలు వాటికి అదనం. 1913లో అల్జీరియా, 1936లో టర్కీ పల్లెలు కూడా తిరిగాడు.

*

ఇప్పుడు ఆదిలాబాద్ వైపు వద్దాం.

బార్టోక్ పుట్టిన నాజ్‌సెంట్మిక్లోష్, మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో పుట్టిన వియన్నా, అప్పట్లో ఒకే రాజ్యంలోవి. ఆ రాజ్యం పేరు ఆస్ట్రియా-హంగేరీ. 1939లో యుద్ధం మొదలయ్యేనాటికి హైమన్‌డార్ఫ్ మనదేశంలో ఉన్నాడు. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండటంతో బ్రిటిష్ వాళ్లు ఆయన్ని నిజాం రాజ్యం దాటి పోవద్దన్నారు. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమ్రం భీం నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకునే పని నిజాం ప్రభుత్వం ఆయనకే అప్పజెప్పింది. హైమన్‌డార్ఫ్, భార్య బెట్టి ఇద్దరూ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. ఆ ఊళ్లో 1943లో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం వచ్చింది.

హైమన్‌డార్ఫ్ సంగీతకారుడు కాడు. గోండుల కథలను మాట మాటకూ రాసుకున్నాడు, ఫొటోలు తీశాడు, సినిమా రీళ్లు తీశాడు. బార్టోక్ బాణీని పట్టుకుంటే ఈయన బాణీలో దాగిన కథను పట్టుకున్నాడు. 1987లో హైదరాబాద్‌లో చనిపోయిన బెట్టి సమాధి మార్లవాయిలోనే ఉంది. 1995లో లండన్‌లో కన్నుమూసిన హైమన్‌డార్ఫ్ అస్థికలనూ తర్వాత అక్కడికే తెచ్చారు. ఏటా జనవరిలో గోండులు ఆ సమాధుల దగ్గర పూజ చేస్తారు.

*

గోండుల కథకులు పర్ధానులు. వాళ్ల చేతిలోది కిక్రి, కమానుతో వాయించే మూడు తీగల వాద్యం. పెప్రె అని సన్నాయిలాంటిది ఒకటి, కాళికోం అని ఊదే కొమ్ము ఒకటి. డోలు, తుడుం సరేసరి. నాగోబా జాతరలో మెస్రం వంశం వాళ్లు కలమడుగు దగ్గరి హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్లు ఝరిలో మోసుకుంటూ కాలినడకన కేస్లాపూర్ చేరేటప్పుడు వినిపించేది ఈ వాద్యాల మోతే. ప్రతి గోత్రానికీ తన పుట్టుక కథ ఉంటుంది, ఆ కథను పాడే పర్ధాను ఉంటాడు. అతను పాడకపోతే గోత్ర దేవుడు పెర్సాపేన్ పూజ పూజ కాదు.

ఇందులో నన్ను బాగా ఆశ్చర్యపరిచిన సంగతి వేరే ఉంది. ఆదిలాబాద్ పర్ధానులు చాలామంది ఇంట్లో మాట్లాడేది మరాఠీ. కథ పాడేది మాత్రం గోండిలో. ఇంటి భాష ఒకటి, పాట భాష ఒకటి. బార్టోక్ కూడా పక్కజాతుల పాటల కోసం స్లొవాకు, రుమేనియా భాషలు పనిగట్టుకుని నేర్చుకున్నాడు. అందుకు సొంత దేశంలో కొందరు దేశభక్తులతో మాటలు పడ్డాడు కూడా. పర్ధానులది అంతకంటే పాత అలవాటు. పక్కవాళ్ల కథను వాళ్ల భాషలోనే తరతరాలుగా మోస్తున్నారు, దానికి ఎవరూ బిరుదులివ్వలేదు.

కిక్రి గురించి గోండుల్లో ఒక కథ ఉంది. కచార్‌గఢ్ గుహలో బండ కింద చిక్కిన పిల్లలు హీరాసుక వాయించిన కిక్రి విని బలం పుంజుకుని బండను తోసేశారట. ఆ బండ వచ్చి హీరాసుక మీదే పడింది. మహారాష్ట్రలోని ఆ గుహ దగ్గర ఇప్పటికీ మాఘ పౌర్ణమికి జాతర జరుగుతుంది.

పర్ధానుల్లాగే కథలు పాడే ఇంకో చిన్న తెగ తోటీలు. తెలంగాణలో ప్రత్యేకంగా కాపాడుకోవాల్సిన ఆదివాసీ సమూహాల జాబితాలో వాళ్లున్నారు. ఒక తెగ తగ్గిపోతే దానితోపాటు ఎన్ని బాణీలు పోతాయో ఏ జాబితాలోనూ కనపడదు.

*

గోండికి తనదైన పాత లిపి ఉందని లోకానికి తెలిసింది నార్నూర్ మండలంలోని గుంజాల అనే ఊరి వల్ల. పర్ధానుల ఇళ్లలో పాత రాతప్రతులు దొరికాయి. జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు వాటిని వెలుగులోకి తెచ్చారు. 2018లో ఆ అక్షరాలు గుంజాల గోండి పేరుతో యూనికోడ్‌లో చేరాయి. పాడేవాళ్ల ఇళ్లలోనే రాతా బతికింది.

*

మళ్లీ కర్రాటకు వద్దాం. దండారి పండుగలో గుస్సాడి వేషం కట్టినవాడి చేతిలోనూ ఒక కర్ర ఉంటుంది. నెత్తిన నెమలి పింఛాల పెద్ద టోపీ, దానికి కొమ్ములు. ఒంటికి బూడిద, భుజాన మేకతోలు, నడుముకు గజ్జెలు. ఆశ్వయుజ పౌర్ణమి దాటాక మొదలై దీపావళి దాకా దండారి జట్లు ఊరూరూ తిరుగుతాయి. ఒక ఊరివాళ్లు ఇంకో ఊరికి చుట్టాలుగా వెళ్తారు, వచ్చినవాళ్లకు ఆ ఊరు అన్నం పెడుతుంది. గుస్సాడి కట్టినవాడు ఆ దీక్ష ముగిసేదాకా స్నానం చేయడు. అప్పుడు అతను మామూలు మనిషి కాదు, ఏత్మసూర్ దేవుడు అతని మీద ఉన్నట్టు లెక్క. చివరి రోజు పూజకు కొలబోడి అని పేరు.

కుమ్రం భీం వర్ధంతిని కూడా గోండులు తారీఖు ప్రకారం కాక ఆశ్వయుజ పౌర్ణమి నాడే జరుపుకుంటారు. ఏడుపు తిథి పక్కనే ఆట తిథి.

బార్టోక్ కర్రాటను పియానో మీద విన్నవాళ్లకు ఆ కర్ర కనపడదు. పెప్రె మోత ఒక్కటే రికార్డులో వింటే గుస్సాడి పింఛాలూ కనపడవు. కాని అడుగు బరువు తెలుస్తుంది. కాలు ఎక్కడ ఎత్తారో, ఎక్కడ నేలకు కొట్టారో బాణీ చెప్పేస్తుంది.

*

1911లో బార్టోక్ ‘అలెగ్రో బార్బరో’ అని ఒక పియానో రచన చేశాడు. మూడు నిమిషాలకు లోపే. అంతకుముందు ఏడాది పారిస్‌లో హంగేరీ సంగీతకారుల కచేరీ జరిగితే, వీళ్లు కుర్ర అనాగరికులని అక్కడి పత్రికలు రాశాయని, దానికి జవాబే ఈ పేరని చెబుతారు. అనాగరికమన్న మాటనే తలమీద పెట్టుకుని పియానోను డప్పులా మోగించాడు. డప్పును, తుడుంను మోటు చప్పుడు అన్నవాళ్లు మన దగ్గరా తక్కువేం కాదు. తర్వాత ఆదివాసీలు తమ హక్కుల పోరాట సంఘానికి ‘తుడుందెబ్బ’ అనే పేరు పెట్టుకున్నారు.

*

బార్టోక్ ‘ఎలుగుబంటి ఆట’ 1908 నాటిది. పిల్లలు పియానో నేర్చుకోవడానికి చేసిన పది సులువైన రచనల్లో చివరిది. ఎలుగును ఆడించేవాడి డప్పులా ఒకే స్వరం డబడబ మోగుతూనే ఉంటుంది, దాని చుట్టూ బరువైన పాదాలు పడుతుంటాయి. మన పల్లెల్లో ఎలుగును ఆడించేవాడు వస్తే దడుపు పోతుందని పిల్లల్ని దాని వీపు మీద కూర్చోబెట్టేవాళ్లు, దాని వెంట్రుకను తాయెత్తులో కట్టేవాళ్లు. ఆ ఆట ఇప్పుడు లేదు, పోవడమే మంచిదైంది. ముకుతాడు లేని ఎలుగులు కవ్వాల్ అడవిలో ఉన్నాయి, అక్కడే ఉండనిద్దాం. ఆట పోయినా దాని నడక మాత్రం బార్టోక్ రాసిన రెండు పేజీల్లో మిగిలింది.

అదే పదింటిలో ఇంకోటి ‘ట్రాన్సిల్వేనియాలో సాయంత్రం’. అచ్చం జానపదంలా ఉంటుంది. నిదానంగా మాట్లాడినట్టు సాగే బాణీ ఒకటి, పిల్లనగ్రోవిలా గంతులేసే బాణీ ఒకటి మారిమారి వస్తాయి. కాని అది ఏ పల్లెలోనూ దొరికింది కాదు, తన సొంతమేనని 1944లో బార్టోక్ స్వయంగా చెప్పాడు. పల్లెపాటలు అన్నేళ్లు విన్న చెవికి సొంత మాట కూడా ఆ యాసలోనే వచ్చింది.

*

కరీంనగర్ వైపు ఎల్లమ్మ కథ చెప్పే బైండ్ల కళాకారుల దగ్గర జమిడిక చూసే ఉంటారు. ఒక పక్క తోలు బిగించిన కుంచం లాంటిది, తోలు మధ్యనుంచి ఒక నరం. చంకలో ఇరికించుకుని నరాన్ని మీటుతూ బిగిస్తే స్వరం పైకి పాకుతుంది, వదిలితే కిందికి జారుతుంది. ఒక్క నరంతోనే ఏడిపిస్తారు, బెదిరిస్తారు. బార్టోక్ 1936లో చేసిన ‘తీగలు, తాళవాద్యాలు, చెలెస్టా సంగీతం’ అనే రచనలో టింపనీ అనే పెద్ద డోళ్లను కాలితో పెడల్ నొక్కుతూ వాయించమన్నాడు. అప్పుడు ఆ డోలు స్వరం కూడా ఇలాగే జారుతుంది. యూరప్ చెవులకు అది కొత్త. జమిడిక విన్నవాళ్లకు కాదు.

తీగను వేలితో పైకి లాగి వదిలి టప్పున చెక్కకు తగిలేలా మీటడం ఇంకొకటి. దానికి ప్రపంచమంతా ఇప్పుడు ‘బార్టోక్ పిజ్జికాటో’ అనే పేరే ఉంది.

ఒగ్గు అంటే శివుని డమరుకం. మల్లన్న కథ, బీరప్ప కథ చెప్పే పూజారుల చేతి వాద్యం పేరే ఆ కథా రూపానికి వచ్చింది. వేములవాడ దగ్గరి హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు ఒగ్గు కథను మారిషస్ దాకా తీసుకెళ్లాడు. సినారెదీ అదే ఊరు. ఒక ఊరు జ్ఞానపీఠ కవినీ ఒగ్గు కథకుణ్నీ కన్నది. కవి అచ్చు పుస్తకాలు ఎక్కడైనా దొరుకుతాయి. కథకుడి గొంతు కోసం మాత్రం వెతుక్కోవాలి.

*

ఇంకో హంగేరీ వాడు లిగెటి. 1951–53 మధ్య ‘మూసికా రిచెర్కాటా’ అని పదకొండు చిన్న రచనలు చేశాడు. మొదటిదాంట్లో దాదాపు చివరిదాకా ఉండేది ఒకే స్వరం, వేర్వేరు స్థాయుల్లో. ఆఖర్న మాత్రం రెండో స్వరం వస్తుంది. ఒక్క స్వరంతో ఎంతసేపు నిలబెట్టగలరని అడిగేవాళ్లు పొద్దుగూకాక డప్పు కాగబెట్టుకుని కూచున్న జట్టును వినాలి. ఒకే తోలు. సిర్రా, సిటికెన పుల్ల. దరువులు తెల్లారినా అయిపోవు.

*

‘మైక్రోకాస్మోస్’లో 153 చిన్న రచనలున్నాయి, ఆరు భాగాలు. బార్టోక్ 1926 నుంచి 1939 దాకా రాశాడు. మొదటి రెండు భాగాలు కొడుకు పీటర్‌కు. ఒకటో రచన చంటిపిల్లల అడుగు, 153వది పెద్ద విద్వాంసుల పరీక్ష. మధ్యలో ‘ఈగ డైరీ’ అని ఒకటుంది. ఈగ గుయ్‌మంటూ తిరిగి సాలెగూట్లో చిక్కుతుంది. అక్కడ స్వరాల పైన ‘అయ్యో, సాలెగూడు!’ అని రాసిపెట్టాడు. కాసేపు గింజుకుని ఎలాగో బయటపడుతుంది.

చివరి ఆరూ బల్గేరియా లయలో ఆటలు. ఐదు మాత్రలది ఒకటి, రెండు-రెండు-మూడుగా ఏడు మాత్రలది ఒకటి, తొమ్మిదివి రెండు, ఎనిమిది మాత్రలవి రెండు. పడమటి విద్యార్థులు వీటి దగ్గర తడబడతారు. మనవాళ్లకు ఖండచాపు ఐదు, మిశ్రచాపు ఏడు ఇంటివే. సంగీతం పాఠం ఎన్నడూ వినని తాత కూడా ఏడు మాత్రల పాటకు తొడమీద తప్పు లేకుండా తాళం వేస్తాడు.

*

కోడాయ్ సంగతి ఒక్క ముక్కలో చెప్పుకోవాలి. పిల్లలకు సంగీతం వాద్యంతో కాదు, గొంతుతో మొదలుపెట్టాలని, అదీ సొంత ఊరి పాటలతో మొదలుపెట్టాలని ఆయన పట్టుబట్టాడు. హంగేరీ బడులు ఆ మాట విన్నాయి. మన బడుల్లో బతుకమ్మ పాట ఆ తొమ్మిది రోజులకే పరిమితం కాకుండా పాఠంగా రావాలని నాకు గట్టిగా ఉంది.

*

మొదట్లో, కర్రాటతో మొదలయ్యే ఆ ఆరు ఆటల పేరు ‘హంగేరీలోని రుమేనియా జానపద నృత్యాలు’. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి 1920లో ట్రయనాన్ ఒప్పందం జరిగాక ట్రాన్సిల్వేనియా రుమేనియాకు పోయింది. పేరులోంచి హంగేరీ తప్పుకుంది. బార్టోక్ పుట్టిన ఊరు కూడా ఇప్పుడు రుమేనియాలోనే ఉంది. బాణీలు మాత్రం అవే.

2016 అక్టోబరులో ఆదిలాబాద్ జిల్లా నాలుగైంది: ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్. కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల విడిపోయాయి. కేస్లాపూర్ ఒక జిల్లా, మార్లవాయి ఒక జిల్లా, పద్మల్‌పురి కాకో గుడి ఉన్న గుడిరేవు ఇంకో జిల్లా. దండారి రోజుల్లో ఆ గోదావరి ఒడ్డు గుడికి మహారాష్ట్ర నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా జట్లు వస్తాయి. పెన్‌గంగ, ప్రాణహిత దాటి వచ్చినవాళ్ల డోలు చప్పుడుకు ఇవతలివాళ్ల అడుగు వెంటనే కలుస్తుంది.

మార్లవాయికి చెందిన కనకరాజు గుస్సాడి నేర్పుతూ, ఆడుతూ ముసలివాడయ్యాడు. 2021లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబర్ 25న కన్నుమూశాడు. దీపావళికి ఇంకా ఆరు రోజులున్నాయి. దండారి జట్లు ఇంకా ఊళ్ల మీదే ఉన్నాయి.